“నిండుకున్న జలాశయం”: నిండిందా, అయిపోయిందా?

అచ్చుతప్పు
పొద్దున ఒక పత్రికలో శీర్షిక: “నిండుకున్న జలాశయం”. కింద వార్తేమో గేట్లు ఎత్తి నీళ్ళు వదులుతున్నారని. మరి నిండినట్టా, నిండుకున్నట్టా? అదే పేజీలో ఇంకో చోట “నిండుకుండలా ప్రాజెక్టు”, దాని కింద “ప్రాజెక్టు అలుగు పారుతోంది”. ఒకే డ్యాముకు మూడు మాటలు. మూడూ ఒకటేనా? అలుగు, మత్తడి అనే మాటలు గేట్లున్న డ్యాముకు వాడొచ్చా? శీర్షికలు దిద్దే పని చేసేవాళ్ళకు పనికొచ్చేలా చెప్పండి. “భాష మారుతుంది, వదిలేయండి” అనే సలహా మాత్రం వద్దు.

ఉప్పుజాడీ
నిండుకుంది అంటే అయిపోయింది. అంతే. బియ్యం నిండుకున్నాయి అని ఇంట్లోంచి కేక వినపడితే సంచీ పట్టుకుని కొట్టుకి బయల్దేరాలి, డబ్బా నిండుగా ఉందని కాలు మీద కాలేసుకుని కూర్చోకూడదు.

డాలస్‌గాలి
నాకెప్పుడూ అర్థం కాని సంగతి ఇది. నిండు, దానికి కొను చేరింది. వండు, వండుకొను. కట్టు, కట్టుకొను. ఆ లెక్కన నిండుకొను అంటే తనంతట తాను నిండడం కావాలి కదా. ఖాళీ ఎలా అయింది? ఇక్కడ పిల్లలకు తెలుగు నేర్పేటప్పుడు ఈ మాట దగ్గర అందరం ఆగిపోతాం.

పాతబడి
వ్యాకరణం ప్రకారం వెతికితే దొరకదు, వంటింట్లో వెతకాలి. ఇంట్లో ఉప్పు, బియ్యం, పసుపు, కుంకుమ లేవు అనడం అశుభం. “లేవు” అన్న మాట నోట రాకూడదు, కాబట్టి దానికి సరిగ్గా ఎదురు మాట అన్నారు. దీపం ఆరింది అనం, కొండెక్కింది అంటాం. వెళ్తాను అనం, వెళ్ళొస్తాను అంటాం. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, “లాభం” అంటారు. ఏడు దగ్గరకొస్తే ఏడుపు గుర్తొస్తుందని “ఆరున్నొకటి”. నిండుకోవడం ఆ వరసలోది. అందుకే దీనికి తిన్నని అర్థం పనిచెయ్యదు, వాడుకే అర్థం.

వంకాయపులుసు
జీతం నెల మొదటి తారీకున నిండుతుంది, పదో తారీకుకు నిండుకుంటుంది. ఇంతకంటే ఉదాహరణ ఎందుకు.

కొసరు
పాతబడి గారితో సగమే ఒప్పుకుంటా. నిండుకోవడానికి నిండడం అనే అర్థం అసలు లేదనడం తప్పు. “గదంతా పొగ నిండుకుంది” అంటే పొగ అయిపోయిందనా? “ఊరంతా సంబరం నిండుకుంది” అని రాస్తే ఎవరూ ఊరు బోసిపోయిందనుకోరు.

పాతబడి
కొసరు గారు చెప్పింది నిజమే, నేను తొందరపడ్డాను. అయితే ఆ రెండు వాడుకలకూ గీత స్పష్టంగానే ఉంది. పొగ, చీకటి, వాసన, సంబరం వంటివి ఒక చోటంతా పరుచుకునేవి. వాటికి నిండుకోవడం అంటే కమ్ముకోవడం. ఆ వాక్యంలో “గదంతా”, “ఊరంతా”, “కళ్ళలో” అని చోటు చెప్పే మాట దాదాపు తప్పకుండా ఉంటుంది. బియ్యం, నూనె, ఉప్పు, డబ్బు, మందులు వంటివి దాచుకుని కొంచెం కొంచెంగా వాడుకునేవి. వాటికి నిండుకోవడం అంటే ఖర్చైపోవడం. వాటికి చోటు చెప్పినా అర్థం మారదు: “డబ్బాలో బియ్యం నిండుకున్నాయి” అంటే డబ్బా ఖాళీయే.

అచ్చుతప్పు
ఈ గీత బాగుంది. మరి పాత్రనే కర్త చేస్తే? “ఖజానా నిండుకుంది”, “ఉప్పు జాడీ నిండుకుంది”.

పాతబడి
రెండూ ఖాళీయే. ఖజానా నిండుకుంది అని రాస్తే ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవనే ఏ పాఠకుడైనా చదువుతాడు. డబ్బులున్నాయని చెప్పాలంటే “ఖజానా కళకళ” అని రాస్తారు, చూడండి. జలాశయం కూడా దాచుకుని వాడుకునేదే. కాబట్టి “నిండుకున్న జలాశయం” అంటే ఎండిన జలాశయం అని అర్థం వస్తుంది. ఆ శీర్షిక తప్పే. ఏప్రిల్‌లో వేసుంటే సరిపోయేది.

ఉప్పుజాడీ
“రక్తనిధిలో నిల్వలు నిండుకున్నాయి” అని వస్తుంటుంది, రక్తం ఇవ్వండని అడగడానికి. నిండుగానే ఉంది కదా అని చదివినవాడు వెనక్కి పోతే ప్రాణం మీదికొస్తుంది. అలాంటి చోట శుభం అశుభం పక్కన పెట్టి “అయిపోయాయి” అని రాసెయ్యాలి.

బస్టాండుబల్ల
మరి “సీట్లు నిండుకున్నాయి”? సీట్లు నిండితే సీట్లు అయిపోయినట్టేగా. ఇక్కడ రెండు అర్థాలూ ఒక్కచోటికే వస్తాయి.

కొసరు
భలే పట్టారు. ఖాళీ సీట్లు నిండుకున్నాయి అంటే ఉన్న సీట్లు నిండాయి అని. తప్పు చదివినా సరైన ఫలితమే. ఇలా నష్టం లేకుండా తప్పు పోయే వాక్యం తెలుగులో ఇదొక్కటేనేమో.

నీరటి
ఇగ మత్తడి ముచ్చటకు వద్దాం. అచ్చుతప్పన్న అడిగిండు గద. చెరువుకు ఒక దిక్కు పొడుగ్గ కట్ట, కట్టల తూము. తూముతోని పొలాలకు నీళ్ళు ఇడుస్తరు. కట్టకు ఒక కొసన గట్టి నేల చూసి రాళ్ళతోని కట్టిన తక్కువెత్తు గోడ ఉంటది, గదే మత్తడి. అలుగు అన్నా గదే. చెరువుల నీళ్ళు ఆ గోడ అంచు మట్టానికి వచ్చేదాక ఒక్క చుక్క అవతలికి పోదు. అంచు దాటినంక దుంకుతయి. గందుకే “మత్తడి దుంకుతుంది” అంటం, “మత్తడి నిండింది” అనం. మత్తడికి నిండుడు ఉండదు, చెరువుకు ఉంటది.

ఇది ఆపద మాట కాదు, సంబురం మాట. మత్తడి దుంకిందంటే చెరువు కింది ఆయకట్టుకు ఢోకా లేదు, బాయిలల్ల నీళ్ళు ఊరతయి. కట్ట మైసమ్మకు పసుపు కుంకుమ పెడతరు, యాటను కోస్తరు. మత్తడి కింద పిల్లలు వలలు పట్టి చాపల కోసం నిలబడతరు. పాకాల, రామప్ప, లక్నవరం మత్తళ్ళు దుంకినయని వానలు మంచిగ పడ్డ ఏడు వార్త వస్తది, ఎవ్వలూ భయపడి చదవరు. భయపడే మాట వేరే ఉంది: గండి.

సీమచెరువు
మా పక్క మత్తడి అనరు. అనంతపురం దిక్కు “మరువ” అంటారు, “చెరువు మరువ పారింది” అంటే పండగే. చిత్తూరు దిక్కుకు పోతే అదే “మొరవ పోతాంది”. వానలు తక్కువ కాబట్టి కొన్ని చెరువులు ఏళ్ళ తరబడి మరువ పారవు. పారిన ఏడు మాత్రం ఊరికి ఊరే కట్ట మీద ఉంటాది.

పెన్నాగట్టు
నెల్లూరు పక్క “కలుజు”. కలుజు పారతా ఉందంటే ఇటు చెరువు నిండిందని, అటు కలుజు కింద ఉండే రోడ్డు మీద బండ్లు పోవని. రెండు వార్తలూ ఒక్క మాటలోనే వస్తాయి మాకు.

కొలతబద్ద
పేరు ఏదైనా మట్టాలు మూడే. వాటిని పట్టుకుంటే మాటలు కూడా తిన్నగా కూర్చుంటాయి.

మొదటిది అలుగు అంచు మట్టం. దీన్నే ఎఫ్‌టీఎల్‌ అంటారు, చెరువు నిండిందనేది ఇక్కడే. శిఖం భూములకు, అంటే చెరువు లోపలి భూములకు, హద్దు కూడా ఈ గీతతోనే తేల్చాలి. రెండోది, పెద్ద వాన వచ్చినప్పుడు అలుగు మీద ఎంత మందాన నీళ్ళు పారతాయో అంత కలిపిన మట్టం, ఎండబ్ల్యూఎల్‌. మూడోది కట్ట పైమట్టం. రెండో దానికీ మూడో దానికీ మధ్య వదిలిన ఖాళీ ఎత్తు చిన్న చెరువులకు మూడడుగుల దాకా, పెద్దవాటికి ఆరడుగుల దాకా ఉంటుంది. అది గాలికి లేచే అలల కోసం, కట్ట దిగబడితే ఆదుకోవడానికి. “ఇంకా మూడడుగులు ఖాళీ ఉంది కదా” అని నీళ్ళు ఆపుకోవడానికి కాదు.

ఇప్పుడు మాటలు. మొదటి మట్టం దాకా వస్తే చెరువు నిండింది. దాటితే అలుగు పారుతోంది. మూడోది దాటితే “కట్ట మీంచి పొర్లింది”, ఆ తర్వాత మట్టి కట్ట ఎంతో సేపు నిలవదు. మొదటిదానికీ చివరిదానికీ ఒకే క్రియ వాడితే చదివేవాడికి పరుగెత్తాలో చూడ్డానికెళ్ళాలో తెలియదు.

వంకాయపులుసు
చివరి వాక్యం ప్రతి న్యూస్‌ ఛానల్‌ గోడకూ అంటించాలి.

కొలతబద్ద
ఇంకో లెక్క, మత్తడి మీద మోకాలి లోతే కదా అని బండి దించేవాళ్ళ కోసం. వంద అడుగుల పొడవున్న మత్తడి మీద ఒక అడుగు మందాన నీళ్ళు పారితే దాదాపు 300 క్యూసెక్కులు, అంటే సెకనుకు 300 ఘనపుటడుగులు. రెండడుగులైతే 600 కాదు, 850 దాకా. మందం రెట్టింపైతే ప్రవాహం రెట్టింపుతో ఆగదు, సుమారు 2.8 రెట్లవుతుంది. దుంకుడు అనే మాట ఎవరు పెట్టారో గానీ లెక్క తెలిసి పెట్టినట్టే ఉంది.

అచ్చుతప్పు
మరి శ్రీశైలం, సాగర్‌ లాంటి వాటికి “అలుగు పారింది” అని రాయొచ్చా?

కొలతబద్ద
రాయకూడదు. నాగార్జునసాగర్‌లో స్పిల్‌వే, అంటే వరద నీళ్ళు దాటే గోడ, దాని అంచు 546 అడుగుల దగ్గర ఉంది. దాని మీద 44 అడుగుల ఎత్తు గేట్లు. 546, 44 కలిపితే 590, అదే పూర్తి మట్టం. శ్రీశైలంలో అంచు 830, గేట్ల ఎత్తు 55, మొత్తం 885. అంటే అక్కడ అలుగు లాంటిది పూర్తి మట్టానికి ఎంతో కింద మునిగి ఉంటుంది, గేటు దాన్ని మూసి ఉంచుతుంది. నీళ్ళు వాటంతటవి దుంకవు, మనిషి గేటు ఎత్తాలి. పైనుంచి వరద వస్తోందని తెలిస్తే పూర్తి మట్టానికి ముందే ఎత్తుతారు. కాబట్టి గేట్లు ఎత్తారంటే డ్యాము నిండిందనే అర్థం కూడా ఖాయం కాదు. “గేట్లు ఎత్తారు”, “దిగువకు వదులుతున్నారు” అని రాయడమే మేలు.

నీరటి
గిదే తేడా. మత్తడికి ఎవ్వల పర్మిషనూ అక్కర్లేదు. నిండితే దుంకుతది. గేటుకు ఆఫీసరు కావాలె, కరెంటు కావాలె, గొలుసు తెగకుంట ఉండాలె.

సీమచెరువు
గొలుసు అంటే తుంగభద్రే మతికొస్తాది. 2024 ఆగస్టులో 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. దాని చోట ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి దించే లోపల ఎన్ని నీళ్ళు ఏట్లో పోయినాయో. ముందురోజు దాకా పేపర్లలో “నిండుకుండ” అనే ఉన్నింది.

అచ్చుతప్పు
నిండుకుండ సంగతి కూడా తేల్చండి మరి. నాకైతే ఆ మాట అరిగిపోయిన రూపాయిలా ఉంది. ఆగస్టు వస్తే ప్రతి ప్రాజెక్టూ నిండుకుండే.

గోదారిగట్టు
అరగడం మాట అటుంచండి, వాడే చోటే తప్పండి. “నిండు కుండ తొణకదు” అని సామెత. నిండుకుండ గుణం తొణక్కపోవడం, నిండడం ఒక్కటే కాదు. విద్వత్తు ఉండి నోరు మెదపని మనిషిని నిండుకుండ అంటాం. పన్నెండు గేట్లూ ఎత్తేసి పొగలా నీటి తుంపర లేపుతూ హోరెత్తుతున్న డ్యామును నిండుకుండ అంటే ఎలాగండీ? గేట్లు దించి, అలల్లేకుండా, గట్టు దాకా నిలబడి ఉన్నప్పుడే ఆ మాట.

కొసరు
ఇది మరీ చాదస్తం. జనం ఇప్పుడు నిండుకుండ అంటే నిండుగా ఉన్నది అనే అర్థంలోనే వాడుతున్నారు. సామెత వేరు, పోలిక వేరు.

గోదారిగట్టు
చాదస్తమే అనుకోండి. అచ్చుతప్పు గారు మొదటి పోస్టులోనే ఆ సలహా వద్దన్నారు.

లారీహారన్‌
సామెత వెనక ఉన్న సంగతి ఎవరూ చెప్పలేదు. కుండ అంచు దాకా నిండితే లోపల నీళ్ళు అటూ ఇటూ ఊగడానికి చోటుండదు. సగం ఉంటేనే ఊగుతాయి, అడుగు అడుక్కీ తొణుకుతాయి. పాల ట్యాంకర్లు, నీళ్ళ ట్యాంకర్లకు కూడా ఇదే సూత్రం. సగం లోడుతో మలుపు తిప్పితే లోపలి బరువంతా ఒక పక్కకు పోయి బండిని లాగేస్తుంది, బ్రేకు వేస్తే ముందుకు వచ్చి గుద్దుతుంది. అందుకే చాలా ట్యాంకర్లలో లోపల చిల్లులున్న అడ్డు రేకులు పెడతారు. రేకులు లేని ట్యాంకరుకు సగం లోడు కన్నా పూర్తి లోడే నయం. “తొణక్కుండా బెణక్కుండా” అనేది డ్రైవర్లకు సామెత కాదు, జాగ్రత్త.

వంకాయపులుసు
అందుకే సగం చదివినవాళ్ళు మలుపుల్లో పడిపోతుంటారు.

గోదారిగట్టు
ఇంకోటి. ఏటికి నిండడం లేదు. “గోదావరి నిండింది” అని గట్టు మీద వాళ్ళెవరూ అనరండి. ఎర్రనీరు వచ్చింది, పోటెత్తింది, పొంగింది, తీసింది. ఇవే మాటలు. నిండాలంటే అంచు ఉండాలి, ఏటికి మనం పెట్టుకున్న అంచులు హెచ్చరికలే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75. మూడో హెచ్చరిక దాటినా “నిండింది” అనరు, “ఇంకా ఎక్కుతోంది” అంటారు.

డాలస్‌గాలి
తీసింది అంటే?

గోదారిగట్టు
వరద తగ్గడం. “నిన్న రాత్రి నుంచి తీస్తోంది” అంటే ఇక భయం లేదని.

కొలతబద్ద
నిండడం గురించి ఇంకొక్క పేచీ. మట్టం నిండినంత మాత్రాన నీళ్ళు నిండినట్టు కాదు. శ్రీరాంసాగర్‌ కట్టినప్పుడు పూర్తి మట్టం 1,091 అడుగుల దగ్గర 112 టీఎంసీలు. ఇప్పుడు అదే 1,091 అడుగులకు లెక్క 80.5 టీఎంసీలే. శ్రీశైలం 885 అడుగులకు ఒకప్పుడు 308, ఇప్పుడు 215.8. అడుగున పూడిక పెరిగింది, పైన గీత మారలేదు. కాబట్టి “పూర్తిస్థాయికి చేరిన” అని రాసేటప్పుడు అడుగులతో పాటు టీఎంసీలు కూడా రాయండి. ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కుల నీళ్ళు ఒక రోజంతా పారినంత.

ఉప్పుజాడీ
అడుగున గట్టిపడ్డ ఉప్పుతో సగం నిండిన జాడీ అన్నమాట. పైకి నిండుగానే కనిపిస్తుంది.

బస్టాండుబల్ల
మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకో అడుగు నీళ్ళు ఆపుకుంటారు కదా కొన్ని ఊళ్ళలో. అది మంచిదేనా?

నీరటి
జర ఆగన్నా. గదే కొంప ముంచేది. బస్తాలు పెడితే అడుగు నీళ్ళు ఎక్కువ ఆగుతయి, నిజమే. గాని రాత్రి పెద్ద వాన పడితే ఆ నీళ్ళు పోవుటానికి తొవ్వ ఇరుకైతది, నీళ్ళు కట్టనెక్కుతయి. కట్ట మట్టిది, మత్తడి రాయిది. రాయి మీదికెల్లి దుంకాల్సిన నీళ్ళు మట్టి మీదికెల్లి దుంకితే తెల్లారేసరికి గండి. చాపలు పోకుంట మత్తడికి అడ్డంగ వలలు కడతరు, అదీ అసొంటిదే. గుర్రపుడెక్క, చెత్త వచ్చి వలకు అంటుకుంటే వల కాస్తా గోడ అయితది.

ఇంకో సంగతి. మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దుంకిన నీళ్ళే కింది చెరువుకు. పైది తెగితే ఆ నీళ్ళన్ని ఒక్కపారి కిందిదాని మీద పడతయి, అదీ తెగుతది. ఒక ఊరోళ్ళు పేర్చిన బస్తాలు మూడూర్ల కింద కట్టను తెంపుతయి.

కొలతబద్ద
కట్ట చాలాసార్లు తెగే ముందే చెబుతుంది. కట్ట అవతలి పాదం దగ్గర, ముఖ్యంగా తూము గోడల పక్కన, నీళ్ళు ఊరుతుంటే చేతిలోకి తీసుకుని చూడాలి. తేటగా ఉంటే కనిపెట్టి ఉండండి చాలు. మట్టి కలిసి బురదగా వస్తుంటే లోపల కట్టను కోసుకుంటూ వస్తోందని, బుంగ పడుతోందని అర్థం. దాన్ని గుడ్డలు కుక్కి మూయకూడదు, నీళ్ళు ఇంకో చోట పొడుచుకొస్తాయి. చుట్టూ గుండ్రంగా ఇసుక బస్తాలు పేర్చి, లోపల నీటిమట్టం పెరగనిచ్చి, ఒత్తిడి తగ్గి ఊరే నీళ్ళు తేటపడేదాకా ఎత్తు పెంచాలి. నీళ్ళు బస్తాల మీంచి పారిపోవచ్చు, మట్టి మాత్రం రాకూడదు. ఈలోగా కింది ఊరికి చెప్పాలి. అప్పుడు రాయాల్సిన మాట “చెరువుకు బుంగ”. “చెరువు నిండింది” కాదు.

కొసరు
ఇంతసేపూ నీళ్ళే. మనుషుల మీద వాడే సంగతి? “నా ఓపిక మత్తడి దుంకింది” అని ఈమధ్య ఒక వ్యాసంలో కనిపించింది. నాకు నచ్చింది, కొత్తగా ఉంది.

నీరటి
నచ్చుడు కాదు, ఉల్టా అది. మత్తడి దుంకుడు మంచిది అని పైన అంత చెప్తి గద. సంతోషం మత్తడి దుంకాలె. ఓపిక అయితే కట్ట తెగాలె.

పాతబడి
అవును, కోపానికి “కట్టలు తెంచుకుంది” అని సిద్ధంగా ఉంది. ఓపికకైతే “నశించింది”. ఓపికకు ఒక అంకె పెట్టి మరీ చెప్పే మాట కూడా మనకుంది: శిశుపాలుడి నూరు తప్పులు. మేనత్తకు ఇచ్చిన మాట కోసం కృష్ణుడు నూరు తప్పుల దాకా ఓర్చుకుని, రాజసూయ సభలో ఆ లెక్క దాటాక చక్రం వేశాడు. “వాడికి తొంభై తొమ్మిదయ్యాయి” అంటే చాలు, వినేవాడికి తెలిసిపోతుంది.

కొసరు
సరే, మత్తడి దగ్గర ఓడిపోయాను. “పాపం పండింది” మాత్రం నాది. నిండడం లేదు, పొర్లడం లేదు, పండడం. కాయ పండితే రాలుతుంది కదా.

బస్టాండుబల్ల
అప్పులకు “పీకల్లోతు”, పనికి “తలమునకలు”. మోకాలి లోతు అప్పు అని ఎవరూ అనరెందుకో.

వంకాయపులుసు
మోకాలి లోతులో ఉన్నప్పుడు ఎవరికీ చెప్పరు కాబట్టి.

ఉప్పుజాడీ
నిండు అనే మాటతోనే ఇంకో గుంట ఉంది. “నిండు నూరేళ్ళు వర్ధిల్లు” దీవెన. “నూరేళ్ళు నిండాయి” అంటే చావు. వందో పుట్టినరోజు ఫ్లెక్సీ మీద “నూరేళ్ళు నిండిన తాతగారికి శుభాకాంక్షలు” అని వేస్తే తాతగారు బతికుండి చదువుకోవాలి. “నెలలు నిండాయి” అంటే కానుపు దగ్గరకొచ్చిందని, “రోజులు నిండాయి” అంటే బెదిరింపు. “కడుపు నిండింది” తృప్తి, “కడుపు నిండిన బేరం” ఎత్తిపొడుపు.

అచ్చుతప్పు
ఫ్లెక్సీలు దిద్దేవాళ్ళు కూడా ఈ చర్చ చదివితే బాగుండు. నూరు పూర్తయిన మనిషికి ఏం రాయాలి మరి?

ఉప్పుజాడీ
“నూరు వసంతాలు చూసిన” అని రాయండి. నిండడం జోలికే వెళ్ళొద్దు.

డాలస్‌గాలి
ఒక చివరి సందేహం. ఫోన్లో తెలుగు పెట్టుకుంటే ఒక యాప్‌లో “నిల్వ నిండుకుంది” అని వస్తోంది. ఫొటోలు పట్టడానికి చోటు లేదని దాని ఉద్దేశం. పాతబడి గారి గీత ప్రకారం నిల్వ అయిపోయింది అని కదా అర్థం?

పాతబడి
అవును, ఫొటోలన్నీ పోయాయనుకుని గుండె ఆగాలి. “నిల్వ” అన్న మాట దగ్గరే చిక్కు మొదలైంది. అది దాచిన సరుకా, దాచే చోటా? వాళ్ళు చోటు అనుకుని రాశారు, చదివేవాళ్ళు సరుకు అనుకుంటారు. “ఫోన్లో చోటు లేదు” అంటే మూడు మాటల్లో పోయేది.

ఉప్పుజాడీ
ఫోనుకు కూడా ఆవకాయ జాడీ పద్ధతే. జాడీని మెడ దాకా కుక్కకూడదు, రెండు మూడు వేళ్ళ మేర ఖాళీ వదలాలి. మూడో రోజు తిరగకలిపితే నూనె పైకి తేలుతుంది, ఖాళీ లేకపోతే గట్టంతా నూనే. ముక్క నూనెలో మునిగి ఉంటేనే బూజు పట్టదు, అలా మునగాలంటే పైన చోటుండాలి.

అచ్చుతప్పు
నా చీటీ మీద రాసుకున్నవి: గేట్ల డ్యాముకు “పూర్తి మట్టానికి చేరిన”, అడుగులు, టీఎంసీలు రెండూ. చెరువుకైతే జిల్లాను బట్టి అలుగు, మత్తడి, మరువ, మొరవ, కలుజు. నిండుకుండ గేట్లు దించి ఉన్నప్పుడే. నిండుకుంది బియ్యానికి, ఉప్పుకి, ఖజానాకి. గోదావరికి నిండడం లేదు. ఉత్తరాంధ్ర మాట ఒక్కటీ రాలేదు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళెవరైనా ఉంటే మీ పక్క చెరువు పొర్లితే ఏమంటారో రాయండి.

సీమచెరువు
చీటీలో ఒకటి దిద్దుకో అన్నా. మరువ “దుంకదు”, “పారుతుంది”. మొరవ “పోతుంది”. దుంకేది మత్తడి ఒక్కటే.

నీరటి
ఔ. ఆ దుంకుడు మాది.